నూలు గంజు దగ్గర నేర్చిన చెయ్యి

"డబ్బా తీస్కపో నరేందర్. అటు పెట్టకు, ఇటు పెట్టకు. నీ సంచిల ఏస్కొని పో. నీ టోనర్ నా దుకాణంల ఉన్నన్ని దినాలు నాకు తిన్నది పెయికి పట్టది."

మాలతి ఆ మాటంటూనే అద్దం ముందున్న ఊదారంగు డబ్బాను బల్ల మీదుగా నెట్టింది. అది జారి నరేందర్ మోకాలికి తగిలి కింద పడింది. అతడు వంగి తీసుకుని సంచిలో పెట్టుకున్నాడు. బ్యూటీ పార్లర్లకు సామాను వేసే మనిషి అతడు. సోమవారం వనపర్తి, మంగళవారం నాగర్‌కర్నూల్, బుధవారం గద్వాల. తిట్టేవాళ్లను తిట్టనిస్తే అసలు సంగతి దానంతటదే బయటికొస్తుందని ఈ తిరుగుళ్లలో నేర్చుకున్నాడు.

"ఏమైందక్కా?"

"ఏమైందని అడుగుతున్నవా? కొత్తకోట నవనీత నెత్తి ఆగమైంది. మూడుసార్లు బ్లీచ్ పెట్టి టోనర్ పోసిన. మూడుసార్లు గుడ నాలుగు తానాలకే పోయింది. మల్ల పసుప్పచ్చగ, ఎండిన గడ్డి తీరు."

నవనీత పెళ్లిళ్లలో పాడే ఆర్కెస్ట్రా పిల్ల. స్టేజీ దీపాల కింద వెండిలా మెరిసే బూడిదరంగు జుట్టు కావాలని ముచ్చటపడి రెండు నెలల కింద మాలతి దగ్గరికొచ్చింది. నల్లజుట్టుకు బ్లీచ్ పెడితే నలుపు పోయి పసుపు తేలుతుంది. ఆ పసుపును అణచి బూడిదరంగు తెచ్చేది టోనర్. పోసిన రోజు అద్దంలో చూసుకుని నవనీత మాలతిని కావలించుకుంది. వారం తిరగకుండానే మళ్లీ వచ్చి, అదే అద్దం ముందు మొహం మాడ్చుకుని కూర్చుంది.

"నిన్న వచ్చి ఏమన్నదో తెల్సా? నీళ్లు గలిపి పోసినవా అక్కా అన్నది. ఐబ్రోస్‌కు వచ్చిన ఇద్దరు ఆడోళ్లు పక్కనే ఉండిరి. ఒకామె నన్ను సూసుకుంట నవ్వింది. రేపు పొద్దున మల్ల వస్తదంట. ఎల్లుండి ప్రోగ్రాం ఉంది. ఈసారి గిన నిలవకుంటే ఆర్కెస్ట్రా మందినంత తీస్కొచ్చి నీ గడపల డోళ్లు కొట్టిపిస్త అన్నది. ఇగ ఈ గద్వాలల నా మొకం ఎవరు సూస్తరు?"

నరేందర్ మెల్లగా అన్నాడు. "వనపర్తిల, నాగర్‌కర్నూల్ల గుడ ఇదే డబ్బా ఏసిన అక్కా. ఆడ ఎవ్వరు ఏమనలే."

"అయితే ఆడికే పో. ఆళ్లయి బంగారు చేతులు, నాయి పెండ చేతులు. అంతేనా?"

అతడు కిందికి చూశాడు. కుర్చీ కింద ఊడ్వకుండా మిగిలిన జుట్టు కనిపించింది. కత్తిరించిన ముక్కలు కావు, తెగిపోయిన ముక్కలు. రెండు పోగులు తీసి, చెంబులో వేళ్లు ముంచి తడిపి లాగి చూశాడు. అది చాక్‌లెట్ పాకంలా సాగింది. వదిలితే వెనక్కి పోలేదు.

"రేపు ఏం జేద్దామనుకుంటున్నవ్?"

"ఏం జేస్త. ఇంకోసారి బ్లీచ్ పెట్టి ఉన్న పసుపంత గుంజేస్త. తెల్లగైతెనే గద రంగు పట్టేది."

"అట్లని ఎవరు చెప్పిన్రు?"

"ఇంకొకలు చెప్పుడేంది? నేను పుట్టిందే రంగులోళ్ల ఇంట్ల."

అది నిజమే. నాలుగు వీధుల అవతల ఆమె నాయిన అనంతయ్య నేతగాళ్లకు నూలూ పట్టూ రంగద్దుతాడు. గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. అందుకని ఆయన పెరట్లో రెండు పొయ్యిలు, వాటి మీద రెండు పెద్ద రంగు పాత్రలు, గంజులు. పట్టు గంజు దగ్గర అన్న నిలబడేవాడు. మాలతి పదేళ్లప్పటి నుంచి నూలు గంజు దగ్గర. సోడా వేసి ఉడకబెట్టడం, బ్లీచింగు పౌడరు నీళ్లలో నానేయడం, కట్టెతో తిప్పడం. నూలు లడికి, అంటే నూలు చుట్టకు, రంగు మచ్చలుగా పట్టిందంటే ఆ రంగు పోయేదాకా మళ్లీ ఉడికించేది. రెండోసారీ కుదరకపోతే మూడోసారి. కొంగ రెక్కలా తెల్లబడ్డాక రంగులో ముంచితే చీర చిరిగేదాకా పోయేది కాదు. పన్నెండేళ్లు ఆ పని చేసి, ఒకరోజు కర్నూలు పోయి మూడు నెలలు పార్లర్ పని నేర్చుకొచ్చి ఈ దుకాణం తెరిచింది. "నా ఇంటి చెయ్యిని మంది నెత్తులల్ల పెడ్తవా" అన్నాడు అనంతయ్య. ఆ తర్వాత ఆమెతో ఇంకొక్క మాటా అనలేదు, ఆరేళ్లయింది.

ఈ కథలో సగం నరేందర్ ఇదివరకే విన్నాడు. మిగతా సగం ఇవాళ ఆమె డబ్బా మీద కోపంతో చెప్పేసింది. అంతా విని, తనకు తెలియకే అడిగాడు.

"పట్టుకు గుడ గట్లనే మూడుసార్లు ఉడికిస్తరా అక్కా?"

దువ్వెనలు సర్దుతున్న మాలతి చెయ్యి ఆగింది.

"పట్టు సంగతి నాకు తెల్వది." ఆ మాట ఎవరినో తిట్టినట్టే వచ్చింది.

అతడు తడిసిన పోగులను ఆమె ముందు పట్టాడు. ఆమె లాక్కుని రెండు వేళ్ల మధ్య సాగదీసింది. అది పుటుక్కున తెగింది. తర్వాత మిగిలిన పోగులు కాగితంలో చుట్టి, షట్టర్ కిందికి గుంజి తాళం వేసింది.

"నడువ్. నువ్వు గుడ రా. తప్పు నీ డబ్బాదో, నా చేతిదో మా నాయిన ముందరనే తేలాలె. నేనొక్కదాన్నే పోతే నోట్ల బట్ట కుక్కుకున్నట్టు కూసుంటడు."

అనంతయ్య పట్టు గంజు ముందు నిలబడి కట్టెతో లడులను తిప్పుతున్నాడు. మోచేతుల దాకా ఎర్రరంగు. కూతురిని చూసి కట్టె ఆపలేదు. మాలతి పొట్లాన్ని నరేందర్‌కిచ్చింది, అనంతయ్య అతడి చేతి నుంచే అందుకున్నాడు. పోగులను తడిపి, చెవి దగ్గర పెట్టుకుని పిసికాడు. మంచి పట్టును అలా పిసికితే కిర్రుమంటుంది. ఇది ఏమీ అనలేదు.

"ఎవరు పాడుజేసిన్రు ఈ పట్టును?"

"పట్టు గాదు పెద్దయ్యా. మనిషి ఎంటికెలు. ఒక పిల్లవి, రేపు మల్ల బ్లీచ్ పెట్టాలె."

"ఏదైతేంది. పట్టు పురుగు నోట్లకెల్లి వస్తది, ఇది నెత్తిమీదికెల్లి వస్తది. రెండు జీవం నుంచి వచ్చినయే. చెట్టుకు కాసిన పత్తి తీరు ఉడకబెడితే ఉంటదా? ఎన్నిసార్లు తెల్ల జేసిందో అడుగు ఆమెను."

"మూడుసార్లు అని చెప్పు," అంది మాలతి, నరేందర్ వైపు చూస్తూ.

"మూడుసార్లు." అనంతయ్య నవ్వాడు. ఆ నవ్వు వినేవాళ్లకు బాగుండదు. "సోడా ఎక్కువైన పట్టును ఆమె చూసి ఉండదు. రంగుల ముంచంగనే గటగట తాగుతది. మస్తు పట్టిందని మురుస్తం. నీళ్లల్ల జాడియ్యంగనే తాగిందంత కక్కుతది. రంగును లోపట పట్టి ఉంచేటందుకు దాంట్ల ఏం మిగల్లే. మల్లొకసారి ఉడికిస్తే చేతులకు ముద్ద వస్తది. రేపు ఆ పిల్ల నెత్తి గుడ గంతే."

"పట్టు గంజు కాడికి నన్ను ఎన్నడన్న రానిచ్చిండా అడుగు."

"వస్త అని ఎన్నడన్న నోరు తెర్సి అన్నదా అడుగు."

"అన్న. పన్నెండేండ్లప్పుడు అన్న. చేతిల ఉన్న కట్టెతోని ఎంబడించిండు. మోకాలు కొట్టుకపోయింది. మచ్చ గుడ ఉన్నది, చూపియ్యాల్నా అడుగు."

నరేందర్ ఎవరినీ ఏమీ అడగలేదు. గంజులో నీళ్లు కుతకుతమంటున్నాయి. అనంతయ్య రెండుసార్లు లడులను తిరగేశాడు. తర్వాత గోడ గూట్లోంచి చిన్న పొట్లం తీసి నరేందర్ వైపు విసిరాడు.

"నిమ్మ ఉప్పు. ఆఖరు నీళ్లల్ల చిటికెడు ఎయ్యాలె. ఉడుకు నీళ్లు తగలొద్దు. ఉన్నదాన్ని జర కాపాడుకునేటందుకే. పోయింది మాత్రం రాదు. ఇగ పోండ్రి, నా రంగు చెడగొట్టకుండ."

మాలతి వెనక్కి తిరిగి చూడకుండా సందు చివరిదాకా నడిచింది. అక్కడ ఆగి నరేందర్ సంచిలోకి చెయ్యి పెట్టి ఊదారంగు డబ్బాను బయటికి తీసి చంకలో ఇరికించుకుంది. కొంగుతో మొహం తుడుచుకుంది. గొంతు మాత్రం ఇందాకటిలాగే కరకుగా ఉంది.

"నీ బస్సు కొత్తకోట మీదికెల్లే గద పోయేది?"

"అవునక్కా."

"ఆడ దిగు. స్టాండు ఎనుకనే నవనీత ఇల్లు. ఫోన్ జేస్తే నా గొంతు ఇనంగనే పెట్టేస్తది, అందుకే నువ్వు పోవాలె. ఈ పొట్లం ఇయ్యి, ఎట్ల వాడాల్నో చెప్పు. రేపు రావద్దను. వచ్చినా నేను బ్లీచ్ ముట్టను. ఎల్లుండి నల్ల విగ్గు పెట్టుకొని పాడుమను. డబ్బాల తప్పు లేదు, నీళ్లు గలపలే, మాలతక్కకు పట్టు పని తెల్వక పాడుజేసింది అని చెప్పు. గిట్లనే చెప్పు, నీ సొంత మాటలు కలపకు. తిడ్తది. తిట్టనియ్యి, నీకు ఇనుడు వస్తది. ఇని, ఒక్క తిట్టు గుడ తగ్గియ్యకుండ వచ్చే బుధవారం నాకొచ్చి చెప్పు."