అట్టబొమ్మల చెడుగుడు

అప్పట్లో నేను కోట దగ్గర ఒక మిషన్ బడిలో డ్రాయింగు మాస్టర్ని. నేను గీసిన ఆవును పిల్లలు మర్యాదగా మేక అనేవాళ్లు. అయినా ఆ ఏడు కోతల పండగకి మిషన్ గుడి ముందర కదిలే బొమ్మల పెట్టె పెడతానని పాస్టరు అయ్యగారికి మాటిచ్చేశాను.

చెక్కపెట్టెకు ముందువైపు అద్దం బిగించాను. లోపల చెడుగుడు బరి, అట్టతో చేసిన ఆటగాళ్లు. ఒక్కొక్కడి కాళ్లకింద ఒక గాడి, దాంట్లో దారం. ఆ దారం పెట్టె వెనక్కి వచ్చి రంగుపూసతో ముగుస్తుంది. పూస లాగితే మనిషి ముందుకు జరుగుతాడు. ఏ పూస తర్వాత ఏది లాగాలో కాగితం మీద వరసగా రాసి వెనక అంటించాను. లాగే పని నా భార్యకు అప్పజెప్పాను. మెప్పు అందుకోవడానికి పెట్టె ముందు ఒకరు నిలబడాలి కదా!

ఆమె కాగితం చదివి, "ఎర్ర పూస లాగమన్నారు సరే, ఎంతదాకా?" అంది.

"ఆట తెలిసినవాళ్లు అడిగే మాటేనా అది? రాసింది రాసినట్టు చెయ్, చాలు."

అట్లాగే చేసింది.

పండగనాడు కూతకొచ్చినవాడు గీత దాటాడు. అవతలి ముగ్గురూ వచ్చి పట్టుకున్నారు. జనం ఆహా అన్నారు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. కాగితం చివర "మళ్లీ మొదటినుంచి" అని రాశాను గానీ, ఆటగాళ్లను వెనక్కి పంపమని రాయలేదు. ఆమె మళ్లీ ఎర్ర పూస లాగింది. వాడు ముందుకు పోవడానికి చోటే లేదు. గట్టిగా లాగింది. వాడు తలకిందులయ్యాడు, మిగతావాళ్లు వాడిమీద కుప్పగా పడ్డారు.

"వీళ్లు ఆడతా ఉండారా, నిద్రపోతా ఉండారా?" అన్నాడొకాయన.

పెట్టె వెనకనుంచి కేక వినబడింది: "ఏమండీ, మళ్లీ మొదటికి రమ్మనుంది. లాగేదా?"

"ఆపు!"

"ఆపమని ఇందులో లేదే!"

అయ్యగారు అద్దానికి ముక్కు ఆనించి, నవ్వు దాచుకోలేక దగ్గుతున్నారు.

మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా కాగితం తిరగరాశాను. ఎవడెక్కడ ఆగాలో గాడిలో అక్కడ మేకు కొట్టాను. సాయంత్రం ఆట ఒక్క తప్పు లేకుండా సాగింది. ఒక ముసలామె కాసేపు చూసి నావైపు తిరిగింది.

"పొద్దున అందరూ కిందామీదా పడినారంటనే. అది చూద్దామని సముద్రం కాడినుంచి నడిచొచ్చినా నాయనా!"

పటకారు తెచ్చి, కొట్టిన మేకులన్నీ నేనే పీకాను. వెనక పూసలు లాగగానే ఆటగాళ్లంతా మళ్లీ కుప్పగా పడ్డారు. ముసలామె కళ్లు తుడుచుకుంటా నవ్వింది.