ఎవరూ తీసుకోని మూడు బస్తాలు

నల్ల క్రిష్ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో బాప్టిస్టులను బాప్టిస్టులని ఎవరూ అనరు. మారుమనస్సువాళ్ళు అంటారు. ఆ పిలుపులో సగం గౌరవం, సగం ఎగతాళి. తాగరు, బూతులాడరు, పెళ్ళిళ్ళలో చిందులెయ్యరు. అందుకని వాళ్ళకా పేరు. సవేత నలభై మూడేళ్ళ వయసులో వాళ్ళలో కలవబోయి, తన మనసు ఎప్పుడు మారిందో, అసలు మారిందో లేదో చెప్పలేక నిలబడిపోయింది.

ఆమె పుట్టుక సనాతన క్రైస్తవ సంఘంలోనే. నెలల పిల్లగా ఉన్నప్పుడే ఊరి గుళ్ళో పూజారి నీళ్ళలో ముంచి పేరు పెట్టాడు. తండ్రికి ఏటి పక్కన నల్లరేగడి చేను ఉండేది. పందొమ్మిది వందల అరవై ఒకటిలో భూములన్నీ సమష్టి వ్యవసాయ క్షేత్రంలో కలపాలని రాజధాని బుకారెస్ట్ నుంచి హుకుం వచ్చినప్పుడు ఆ ముసలాయన సంతకం పెట్టనన్నాడు. పంచాయితీ కచేరీలో మూడు రోజులు నిలబెట్టారు. కూర్చోనివ్వలేదు. మూడో రోజు సంతకం పెట్టి, ఇంటికొచ్చి, గొడ్లపాకలో కూర్చున్నాడు. ఆ తర్వాత రెండేళ్ళు బతికాడు కాని, చేని వైపు ఒక్కసారీ వెళ్ళలేదు. సవేత మాత్రం వెళ్ళింది, కూలీగా. తన తండ్రి దున్నిన సాళ్ళలోనే, మేస్త్రి గవ్రిల్ కేకల కింద కలుపు తీసింది.

కూలికి ఇచ్చే గింజలతో పంది కూడా బతకదు. అందుకని ఊరంతా దొంగిలించేది. ఊరంతా అంటే నిజంగా ఊరంతానే. ఆడవాళ్ళు పొద్దుగూకే ముందు లంగాల మడతల్లో మొక్కజొన్న కండెలు కట్టుకుని, గర్భిణుల్లా నడుచుకుంటూ ఇళ్ళకు చేరేవారు. గవ్రిల్ చూసీ చూడనట్టుండేవాడు, ఎందుకంటే వాడు నింపుకుపోయే బండి ఇంకా పెద్దది. ఎవరి భూమిని ఎవరు దోచారన్న ప్రశ్న ఆ దేశంలో ఎవరూ నోరు తెరిచి అడగలేదు. మారుమనస్సు పొందమని ప్రభుత్వానికి ఎవరూ చెప్పలేదు.

సవేత మారుమనస్సువాళ్ళ గుడికి మొదట పాటల కోసం వెళ్ళింది. డెబ్బై మూడు చలికాలమది. భర్త తోదెర్ రైలు పట్టాల మీద పనిచేసేవాడు, మంచివాడు, నోటి దురుసు. "పుట్టినప్పుడే ముంచారు కదే నిన్ను. ఒక మునకకి పోని మురికేం అంటించుకున్నావు?" అని ఎగతాళి చేసేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది. వెళుతూ వెళుతూ ఉండగా ఎప్పుడో, ఏ రోజో తెలియకుండా, నమ్మకం కుదిరింది. కొలిమి దగ్గర కూర్చున్నవాడికి చలి ఎప్పుడు పోయిందో తెలియనట్టు. క్రీస్తు తనవాడని, తన తండ్రిలాగే నిలబెట్టి హింసించబడ్డవాడని, తనను ఎరుగుననీ ఆమెకు అనిపించింది. ఏడుపు మాత్రం రాలేదు.

అక్కడే చిక్కొచ్చింది. బాప్తిస్మం ఇచ్చే ముందు సంఘమంతా కూర్చుని అడుగుతారు: ఎప్పుడు మారుమనస్సు పొందావు, ఏ పాపం విడిచావు అని. జవాబు విని, ఒప్పుకుంటే చేతులెత్తుతారు. మిగతావాళ్ళు సారాయి గురించో, భార్యను కొట్టడం గురించో చెప్పి వెక్కి వెక్కి ఏడ్చారు. సవేత వంతు వచ్చినప్పుడు, తాను నమ్ముతున్నానని, ఏడుపు రావడం లేదని చెప్పి ఊరుకుంది.

సంఘపెద్ద మిత్రు గడ్డం గోక్కున్నాడు. ముందు మారుమనస్సు రావాలి, తర్వాతే విశ్వాసం, తలుపు దాటకుండా ఇంట్లోకెలా వస్తావన్నాడు. పాస్టరు ఒనిషోర్ ఒప్పుకోలేదు. నమ్మనివాడు ఎవరి ఎదుట పశ్చాత్తాపపడతాడు, ముందు విశ్వాసమే అన్నాడు. ఇద్దరూ అరగంట వాదించుకున్నారు. సవేత నిలబడే ఉంది. ఇంటి లోపలున్నదో బయటున్నదో ఆమెకే తెలియలేదు. చివరికి ఆమె పేరు కూడా పన్నెండు మంది జాబితాలో చేరింది. ఆ జాబితాను జిల్లాలోని మతవ్యవహారాల అధికారి చూసి సరేనంటేనే నదిలో దిగడం. రెండేళ్ళుగా ఒక్క పేరుకూ సరే అనలేదు. ఈసారి పన్నెండుకీ అన్నాడు.

డెబ్బై నాలుగు వసంతంలో పట్నం నుంచి ఒక బోధకుడు వచ్చాడు. మారుమనస్సువాళ్ళని పేరు తెచ్చుకున్నారు, ఇప్పుడు మీరే మారుమనస్సు పొందండి, దొంగిలించినవన్నీ తిరిగి ఇచ్చెయ్యండి అన్నాడు. ఆ మాటకు జిల్లా అంతా ఊగిపోయింది. ఫ్యాక్టరీ గేట్ల దగ్గర సుత్తులు, తీగచుట్టలు, మేకుల పెట్టెలు తెచ్చి పెట్టి, కాపలావాడికి దణ్ణం పెట్టి పోయేవారు. కాపలావాళ్ళకు ఏం చెయ్యాలో తోచేది కాదు.

మొక్కజొన్న తన తండ్రి పొలానిదే కదా అని సవేత మొరాయించింది. తన సొమ్ము తాను తీసుకుంటే దొంగతనమెలా అవుతుందని మిత్రును అడిగింది. దేవుడు కొలిచేది పొలం కాదు, మనసు అన్నాడాయన. ఆ మాట ఆమె మనసు ఒప్పుకోలేదు. అయినా ఒక మధ్యాహ్నం, ఇంటి పెరట్లో పండిన గింజలు మూడు బస్తాలు నింపి, తోపుడు బండిలో వేసుకుని క్షేత్రం గోదాముకు వెళ్ళింది.

గవ్రిల్ బస్తాల వంక, ఆమె వంక చూశాడు. "ఏంటిది?"

"నేను తీసుకున్నవాటికి బదులు. డెబ్బై రెండు, అక్టోబరు. ఏటి పక్క విల్లో చెట్ల దగ్గర కందకంలో దాచినవి."

గవ్రిల్ మొహంలో రంగు మారింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఆ బస్తాలకి దొంగ ఎప్పుడో దొరికింది. శిక్ష కూడా పడింది. ఒక దొంగతనానికి ఇద్దరు దొంగలుండరమ్మా. బండి తిప్పు."

ఆమె బండి తిప్పింది. గుట్ట ఎక్కేటప్పుడు బస్తాలు వెనక్కి లాగుతున్నాయి. సగం ఎక్కాక ఆగిపోయింది.

ఆ అక్టోబరు సాయంత్రం ఆమె మరిచిపోయిందేమీ కాదు. ఎప్పుడూ దాన్ని పాపాల వరుసలో పెట్టి చూసుకోలేదంతే. మిలీషియా పోలీసులు కందకంలో బస్తాలు పట్టుకున్నప్పుడు, పక్కనే జిప్సీల వాడకు చెందిన వర్వార పుల్లలేరుకుంటోంది. గవ్రిల్ కూలి మనుషులందరినీ వరుసగా నిలబెట్టి, ఈ బస్తాలెవరివని అడిగాడు. సవేత దగ్గరకొచ్చి, ఆ జిప్సీదానివేనా అన్నాడు. నాకేం తెలుసు అంది సవేత. రెండే మాటలు. అబద్ధమనిపించనంత చిన్నవి. వర్వారకు ఆర్నెల్లు పడింది. జిప్సీది కాబట్టి సాక్ష్యం కూడా అడగలేదు. ఊరు ఊపిరి పీల్చుకుని, మర్నాడు మళ్ళీ లంగాల్లో కండెలు కట్టుకుంది.

బోధకుడు మొక్కజొన్న గురించి అడిగాడు. మిత్రు మొక్కజొన్న గురించి అడిగాడు. వర్వార గురించి ఎవరూ అడగలేదు. తను కూడా.

సవేత బస్తాలు ఇంట్లో దించకుండానే పాస్టరు దగ్గరకు వెళ్ళింది. ఒనిషోర్ మంచి మనిషి. కథంతా ఓపిగ్గా విన్నాడు. తర్వాత అన్నాడు, "దేవునితో చెప్పావు కదా. ఆయన క్షమించాడని నమ్ము. విశ్వాసమంటే అదే కదా సహోదరీ."

"నమ్ముతున్నాను పాస్టరుగారూ. కాని ఆర్నెల్లు జైల్లో ఉన్నది దేవుడు కాదు కదా."

ఒనిషోర్ కిటికీ వంక చూశాడు. వచ్చే ఆదివారమే నదిలో దిగేది. ఇప్పుడు మిలీషియా తప్పు చేసిందని రచ్చచేస్తే అధికారి జాబితా మొత్తం చింపేస్తాడు. పన్నెండు మందీ ఆగిపోతారు. బాప్తిస్మం అయ్యాక నెమ్మదిగా చూద్దామన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చెవులు ఎర్రబడటం సవేత గమనించింది. అంతసేపూ పక్కనే కూర్చుని విన్న మిత్రు, ఇది మారుమనస్సు కాదు, తన మీద తానే తీర్పు తీర్చుకునే గర్వం అన్నాడు. నిజమేనేమో అనిపించింది ఆమెకు. ఇంటికొచ్చి తోదెర్‌కు చెబితే, అతను ఆ ఒక్కసారి మాత్రం ఎగతాళి చెయ్యలేదు. దానికే ఆమెకు భయం వేసింది.

గురువారం జిప్సీల వాడకు వెళ్ళింది. అక్కడిదాకా రోడ్డు లేదు, ఊరి రోడ్డు రెండొందల గజాల ముందే ఆగిపోతుంది. వర్వార మోకాళ్ళ దాకా మట్టిలో దిగి, గడ్డి కలిపి ఇటుకల కోసం తొక్కుతోంది. జైలు నుంచి వచ్చాక క్షేత్రంలో పనివ్వలేదు. అప్పటినుంచి ఊళ్ళోవాళ్ళ గోడలకు పచ్చి ఇటుకలు కొట్టడమే బతుకు.

సవేత చెప్పాల్సింది చెప్పింది. వర్వార తొక్కడం ఆపలేదు.

"మీ దేవుడు పంపాడా, నువ్వే వచ్చావా?"

"తెలీదు."

"అదైనా నిజం చెప్పావు." నాలుగడుగులు తొక్కింది. "నాకు తెలుసులే అక్కా. ఆ రోజే తెలుసు. బస్తా మూతికి నువ్వు కట్టే ముడి ఊరంతటికీ తెలుసు. నేను లోపలున్నప్పుడు మా అమ్మ పోయింది. మట్టి వెయ్యడానికి కూడా వదల్లేదు."

సవేతకు అప్పుడు కూడా ఏడుపు రాలేదు. బురద అంచుదాకా వచ్చి ఆగింది. మారుమనస్సంటే ఇదేనా, లేక ఉత్త భయమా అని ఆ క్షణంలో కూడా తనలో తాను వెతుక్కుంది. అలా వెతుక్కున్నందుకు సిగ్గుపడింది. "క్షమించమని అడగడానికి..." అని మొదలుపెట్టింది.

"క్షమించానంటే ఏం చేస్తావు? ఆదివారం తెల్లబట్టలు కట్టుకుని మంచినీళ్ళలో మునుగుతావు. సోమవారం నేను మళ్ళీ ఈ బురదలో మునుగుతా." వర్వార ఆగి, మొదటిసారి ఆమె కళ్ళలోకి చూసింది. "నాకు చెప్పి ఏం లాభం? నాకు తెలిసిందే కదా. నా పేరు ఎక్కడన్నారో అక్కడికి పోయి నీ పేరు చెప్పు."

శుక్రవారం మధ్యాహ్నం కలుపు కూలీలు చేని గట్టున కూర్చుని, రొట్టెలో పందికొవ్వు పెట్టుకుని తింటుండగా సవేత లేచి నిలబడింది. గవ్రిల్ కూడా ఉన్నాడు. ఆ బస్తాలు తనవని, నాకేం తెలుసు అన్నది అబద్ధమని, వర్వార దొంగ కాదని చెప్పింది. గట్టిగానే చెప్పింది. ఎవరూ నమలడం కూడా ఆపలేదు కాసేపు. తర్వాత ఒకామె, ఎండ దెబ్బ తగిలింది దీనికి అంది. ఇంకొకామె, ఆ బస్తాలు కాకపోతే ఇంకేవో దొంగిలించే ఉంటుందిలే, జిప్సీది కదా అంది. మూడో ఆమె మాత్రం తినేది పక్కన పెట్టి, నేను కూడా ఆ రోజు వరుసలో ఉన్నాను అని నెమ్మదిగా అంది.

సాయంత్రం మిలీషియా కచేరీకి పిలిచారు. సవేత పళ్ళు బిగించుకుని వెళ్ళింది. అధికారి కుర్రాడు, అలసిపోయి ఉన్నాడు. ఆమె చెప్పింది విన్నాడు కాని కలం తియ్యలేదు. ఆ కేసు ముగిసింది, నువ్వు నిర్దోషివి, ఇంటికి పో అన్నాడు. కాదు, దోషినే అంది ఆమె. అది తేల్చేది నువ్వు కాదన్నాడు. ఇద్దరూ కాసేపు అదే మాటను అటూ ఇటూ తోసుకున్నారు. ఆమె బస్తాల్ని గోదాము తీసుకోలేదు, నేరాన్ని ప్రభుత్వం తీసుకోలేదు, వర్వార పేరున్న ఒప్పుకోలును సంఘం తీసుకోలేదు. పేదవాడి పొలాన్ని గుంజుకోవడానికి, పేదరాలి మీద నేరం మోపడానికి ఒక్క సంతకం చాలిన ఆ రాజ్యంలో, ఒక మనిషి నిజం అప్పగిస్తానంటే తీసుకునే కిటికీ ఒక్కటీ తెరిచి లేదు.

జాబితా మొత్తం చింపుతారని ఒనిషోర్ భయపడ్డాడు. అలా జరగలేదు. శనివారం కబురొచ్చింది, ఒక్క పేరు కొట్టేశారని. రచ్చచేసే మనిషి నీళ్ళలో దిగకూడదట. పాస్టరే ఇంటికొచ్చి చెప్పాడు. చెప్పి, గడప దగ్గర నిలబడిపోయాడు. "నేను చెయ్యాల్సింది నువ్వు చేశావేమోనని రాత్రంతా అనిపించింది," అన్నాడు. అది ఆయన మారుమనస్సో, మొహమాటమో సవేతకు అర్థం కాలేదు. లోపలికి రండి, పాలు తాగి వెళ్ళండి అంది.

ఆదివారం ఎండ బాగా కాసింది. ఊళ్ళో సగం మంది గట్టెక్కి చూస్తున్నారు, తోదెర్ కూడా. జిప్సీల వాడవాళ్ళు ఎప్పట్లాగే అవతలి ఒడ్డున దూరంగా కూర్చున్నారు. వాళ్ళలో వర్వార ఉందో లేదో ఎండలో సవేతకు కనబడలేదు. చెయ్యి అడ్డం పెట్టుకుని రెండుసార్లు చూసి మానేసింది. తెల్ల అంగీలు వేసుకున్నవాళ్ళు పదకొండు మంది ఒకరి వెనక ఒకరు నీళ్ళలోకి నడిచారు. మామూలు బట్టల్లో ఉన్న సవేతకు వాళ్ళ తువ్వాళ్ళు పట్టుకునే పని అప్పగించారు.

ఒనిషోర్ నడుం లోతు నీళ్ళలో నిలబడి మొదటివాణ్ణి అడిగాడు, యేసుక్రీస్తు దేవుని కుమారుడని విశ్వసిస్తున్నావా అని. విశ్వసిస్తున్నానన్నాడతను. పాస్టరు ముంచి లేపాడు. గట్టు మీద పాట ఎత్తుకున్నారు. రెండో మనిషి. మూడో మనిషి.

నాలుగోసారి అడిగినప్పుడు మిత్రు భార్య సవేత మోచేతిని పొడిచింది. "అడిగింది నిన్ను కాదే."

విశ్వసిస్తున్నానని పైకే అన్నానా అనుకుంది సవేత. "తెలుసు వదినా," అంది, తువ్వాళ్ళను గుండెకు దగ్గరగా పట్టుకుంటూ. అయిదో మనిషప్పుడు పెదాలు బిగబట్టుకుంది. ఆరో మనిషి దగ్గరకొచ్చేసరికి మళ్ళీ కదిలాయి.