మొగిలమ్మ కట్టిన బ్యాటరీ కారు

మొగిలమ్మ చీరలన్నిటికీ మోకాళ్ల కింద చిల్లులే. ఎలుకలు కొరికినవి కావు, ఆసిడ్ చుక్కలు పడి కాలినవి. పదకొండేళ్లుగా వరంగల్ స్టేషన్ రోడ్డులో వెంకట్రాజం బ్యాటరీ షాపులో పనిచేస్తున్న మనిషికి ఇంకెలాంటి చీరలుంటాయి? కొత్త చీర కట్టుకొచ్చినా సాయంత్రానికి ఒక చిల్లు పడాల్సిందే. మొదట్లో చీర చూసుకుని ఏడ్చేది. తర్వాత ఏడుపు పోయి తిట్లు వచ్చాయి.

ఆ రోడ్డులో ఆమె నోటికి జడవనివాడు లేడు. పక్కనున్న టైర్లవాడు, ఎదుటి చాయ్ హోటల్‌వాడు, షాపు ముందు రిక్షా అడ్డంగా ఆపేవాళ్లు, అందరూ ఏదో ఒకరోజు ఆమె చేత చీవాట్లు తిన్నవాళ్లే. గయ్యాళి అనేవారు. అననీ. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఆసిడ్ ఆవిరి పీలుస్తూ, చేసిన ప్రతి పనీ ఇంకొకడి పేరున పోతూ ఉంటే, ఆ నోట్లోంచి మంచి మాటలు ఎలా వస్తాయి?

ఆమెది తొర్రూరు దగ్గర పల్లె. మొగుడు లారీ క్లీనరు. డెబ్బై రెండులో ఆ లారీ బోర్లా పడి చనిపోయాడు. లారీ ఓనరు జాలిపడి, తనకు తెలిసిన వెంకట్రాజానికి చెప్పి షాపులో పెట్టించాడు. పని పేరు నీళ్లు కాచడం. బ్యాటరీల్లో నల్లా నీళ్లు పోయకూడదు, కాచి ఆవిరి పట్టిన నీళ్లే పోయాలి. పెద్ద డేగిసాలో నీళ్లు మరిగించి, ఆ ఆవిరిని రాగి గొట్టంలోంచి పంపి, చుక్క చుక్క పట్టి, సీసాల్లో నింపి, బ్యాటరీల్లో పోయడం. అందుకే ఆమెకు నీళ్ల మొగిలమ్మ అని పేరు పడింది. ఆ పేరంటే ఆమెకు ఒళ్లు మంట.

నీళ్లు పోసే మనిషి ప్రతి సెల్లులోకీ తొంగిచూస్తుంది కదా. అలా చూసీ చూసీ పని పట్టేసింది. ఒక్కో లారీ బ్యాటరీలో ఆరు సెల్లులుంటాయి. ఏ సెల్లులో బుడగలు ఎలా వస్తున్నాయి, ఏది త్వరగా వేడెక్కుతోంది, దేని ప్లేట్లు లోపల రాలిపోతున్నాయి, అన్నీ వాసన చూసి, చేత్తో తడిమి చెప్పగలిగేది. ఆసిడ్ బలం కొలిచే గాజు గొట్టం అక్కర్లేకుండానే అంకె చెప్పేది, గొట్టం ముంచి చూస్తే అదే వచ్చేది. రెండు మూడేళ్లకల్లా పాత బ్యాటరీలు విప్పి, చచ్చిన సెల్లు తీసి, మంచిది వేసి, మళ్లీ తారు పోసి మూసే పనంతా ఆమె చేతికి వచ్చేసింది.

అయితే అది గిరాకీ లేనప్పటి మాట. గిరాకీ గడప ఎక్కగానే మొగిలమ్మ డేగిసా దగ్గరికి పోవాలి. వెంకట్రాజం తెల్ల చొక్కాతో వచ్చి, గాజు గొట్టం ముంచి, నొసలు ముడిచి, పొద్దున ఆమె చెప్పిన మాటే తను కనిపెట్టినట్టు చెప్పేవాడు. డెబ్బై ఆరులో ఒకసారి ఉండబట్టలేక, మూడో సెల్లు పోయిందని గిరాకీతో తనే అనేసింది. "నీళ్లు పోసేదానివి నీళ్లు పొయ్యి, నీకెందుకే మిగతాది?" అన్నాడు వెంకట్రాజం నలుగురిలో. ఆ మాట ఆమె మరవలేదు. మరవాలని ప్రయత్నమూ చేయలేదు.

ఎనభై మూడులో, దసరాకు రెండు నెలల ముందు, వరంగల్, హన్మకొండ షావుకార్లకు ఒక సరదా పుట్టింది. మామునూరులో ఎప్పుడో విమానాలు దిగిన రన్‌వే ఖాళీగా పడి ఉంది, దాని మీద కార్ల పందెం పెట్టుకుందామన్నారు. దసరా మర్నాడు పొద్దున. మూడు అంబాసిడర్లు, ఒక ఫియట్, ఒక జీపు పేర్లు ఇచ్చారు. పందెం పెట్టించిన పెద్దమనిషి రాజేశ్వర్ రావు. ఆయనకు ముప్పై లారీలు, మడికొండ దగ్గర వాటికో పెద్ద షెడ్డు ఉన్నాయి.

వెంకట్రాజం అప్పటికే ఒక పిచ్చిలో ఉన్నాడు. పెట్రోలు అక్కర్లేని కారు చేసి ఊరంతా తన షాపు పేరు చెప్పుకునేలా చేయాలని. అందుకు ఇంజను పోయిన వేరే ఫియట్ ఒకటి తెచ్చాడు, పందెం మాట వినగానే దాని పేరూ ఇచ్చాడు. మూటలెత్తే పాత బ్యాటరీ బండి మోటారు స్క్రాపులో దొరికింది. దానికి ఎనిమిది లారీ బ్యాటరీలు కావాలి, నాలుగు ముందు బానెట్ కింద, నాలుగు వెనక సీటు తీసేసిన చోట. మోటారు బిగించడం మెకానిక్‌లు చేశారు. బ్యాటరీల దగ్గరికి వచ్చేసరికి వెంకట్రాజానికి చెమటలు పట్టాయి. మొదటిసారి నడిపితే కారు స్టేషన్ దాటి, పోచమ్మ మైదానం చేరకుండానే ఆగిపోయింది. ఇంటికి తోసుకొచ్చారు. దారి పొడవునా జనం నవ్వారు.

ఎందుకు ఆగిందో మొగిలమ్మకు తెలుసు. నలభై ఎనిమిది సెల్లులు గొలుసులా ఒకదాని వెంట ఒకటి ఉంటాయి. అందులో ఒక్కటి మొండికేసినా మిగతా నలభై ఏడూ దాన్ని మోయాలి. మోయలేక అన్నీ చతికిలబడతాయి. పేరున్న కంపెనీ బ్యాటరీలయితే చాలదు, సెల్లులన్నీ సమ ఉజ్జీలు కావాలి. వెంకట్రాజం అడగకుండానే ఆమె పనిలోకి దిగింది. షాపులో ఉన్న పాతా కొత్తా బ్యాటరీలన్నీ విప్పింది. ఒక్కో సెల్లుకు చార్జి ఎక్కించి, వాడి, మళ్లీ ఎక్కించి, ఎంతసేపు నిలుస్తుందో గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టింది. ఒకే బలమున్నవి నలభై ఎనిమిది ఏరి ఎనిమిది బ్యాటరీలు కట్టింది. తొమ్మిదోది ఒకటి ఆపతికి ఉంటుందని పక్కన పెట్టింది. నెలన్నర పట్టింది. ఆసిడ్ చిమ్మి ముంజేయి బొబ్బలెక్కితే దవాఖానకు పోయి పట్టీ కట్టించుకుని మళ్లీ వచ్చింది.

తర్వాత ఆ కారు నడక చూడాలి. దానికి గేర్లు లేవు, రొద లేదు, పొగ లేదు. మామూలు కారు ఇంజను గుర్రుమని, గేరు పడి, ఊపందుకునే లోపలే ఇది దూకేది. మోటారుకు నిలబడ్డ చోటనే ఉన్న బలమంతా ఉంటుంది. మామునూరులో ఒక అంబాసిడర్ పక్కన పెట్టి చూస్తే మొదటి ఫర్లాంగు దీనిదే. ఆ తర్వాత అంబాసిడర్ అందుకుని దాటేసేది, ఎందుకంటే దీని వేగం గంటకు యాభై మైళ్ల దగ్గర నిలిచిపోతుంది, సీసం బరువు కూడా తక్కువేం కాదు. కానీ పందెం నిబంధన ఏమిటంటే, అరమైలు ఎడంగా పెట్టిన రెండు డ్రమ్ముల చుట్టూ మూడు రౌండ్లు. ప్రతి డ్రమ్ము దగ్గరా అందరూ దాదాపు ఆగి తిరగాల్సిందే. తిరిగిన ప్రతిసారీ ఇది దూకుతుంది, అవి గేర్లు మార్చుకుంటూ వెనకబడతాయి. ఇది కనిపెట్టింది కూడా మొగిలమ్మే. చెప్పింది వెంకట్రాజం.

ఆ నడక చూడటానికి ఒకరోజు రాజేశ్వర్ రావు వచ్చాడు. ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. కారు చుట్టూ తిరిగి, మడికొండ షెడ్డులో ముప్పై లారీల బ్యాటరీలకు వేరే గది కట్టిస్తున్నాననీ, దానికి మిస్త్రీ కావాలనీ అన్నాడు. ఈ బ్యాటరీలు కట్టిన చెయ్యి ఎవరిదో వాళ్లకే ఆ గది అప్పజెపుతానని, అక్కడే ఉండటానికి ఇల్లూ ఇస్తానని చెప్పి వెళ్లాడు. డేగిసా దగ్గర నిలబడ్డ మొగిలమ్మ చెవిన ఆ మాట పడింది. మిస్త్రీ. ఇంతవరకూ ఎవరూ ఆమెను ఆ పేరుతో పిలవలేదు. కారు గెలిచిన రోజు, అందరి ముందూ, బ్యాటరీలు కట్టింది నేనని తనే చెప్పాలని ఆ క్షణాన నిశ్చయించుకుంది. గెలవకుండా చెబితే ఎవరు నమ్ముతారు?

దసరా మధ్యాహ్నం అందరూ బండ్లకు పూజ చేసుకుంటున్నారు. ఎవరైనా కొబ్బరికాయ బండి ముందు నేల మీద కొడతారు. వెంకట్రాజం ఆలోచన వేరు. ఈ కారుకు ఇంజను బ్యాటరీలే కదా, పూజ వాటికే జరగాలన్నాడు. బానెట్ ఎత్తే ఉంది. చార్జి ఎక్కుతున్నందున గాలి పోవడానికి సెల్లుల మూతలన్నీ తీసి ఉన్నాయి.

"జర ఆగు సేటు, మూతలు పెట్టనియ్," అంది మొగిలమ్మ.

ముహూర్తం దాటిపోతోందని ఆయన ఆగలేదు. బ్యాటరీల ఇనుప చట్రం అంచు మీద కొబ్బరికాయ కొట్టాడు. కాయ పగిలి, సగం చిప్పలోని నీళ్లు నాలుగో బ్యాటరీ మూడో సెల్లులో పడ్డాయి. బొళుక్కుమన్న చప్పుడు కూడా ఆమెకు వినబడింది. నల్లా నీళ్లకే పాడయ్యే సెల్లు ఉప్పూ తీపీ కలిసిన ఆ నీళ్లకు ఆగుతుందా? నీళ్లు పడ్డాయి సేటూ అని నోరు తెరిచింది. పండగపూట అపశకునం మాటలు మాట్లాడొద్దని, నోరు మూసుకుని పక్కకు జరగమని కసిరాడు.

మర్నాడు పొద్దున మామునూరులో, పందేనికి అరగంట ముందు, ఆమె ఆ సెల్లులో గాజు గొట్టం ముంచి చూసింది. మిగతావన్నిటి బలం నిండుగా ఉంది. అది ఒక్కటే సగానికి పడిపోయింది. లోపల నీళ్లు మురికి రంగు తిరిగాయి. భయపడలేదు. తొమ్మిదో బ్యాటరీ వెంట తెచ్చింది. రెండు నట్లు విప్పి, ఇది దించి, అది ఎక్కించడానికి పది నిమిషాలు చాలు. బరువు మోసుకుంటూ కారు దాకా వచ్చింది కూడా.

అప్పుడే కారుకు అటువైపు రాజేశ్వర్ రావు, వెంకట్రాజం మాట్లాడుకుంటున్నారు. ఈమెవరని పెద్దాయన అడిగినట్టున్నాడు.

"ఆమెనా? నీళ్లు పోస్తది సారూ, ఏం తెల్వది," అన్నాడు వెంకట్రాజం నవ్వుతూ. "ఒక్కో సెల్లు నా చేతులతోటి కట్టిన. మీ షెడ్డుకు మా బామ్మర్దిని పంపిస్త, పనంత వానికి నేర్పిన."

మొగిలమ్మ చేతిలో బ్యాటరీ ఉంది. బామ్మర్దట. ప్లస్ ఏదో మైనస్ ఏదో తెలియని వెధవకు తను ఏరిన సెల్లుల పుణ్యాన గదీ, ఇల్లూ. పైగా ఈ సేటు గెలిచి ఊరేగాలా? నలుగురిలో ముఖం మాడి, కారు తోసుకుంటూ రావాలి వీడు. ఆమె ఎత్తిన బ్యాటరీ అక్కడే నేల మీద దించేసింది. బానెట్ మూసింది.

పందెం మొదలైంది. వెంకట్రాజమే నడిపాడు. జెండా ఊపగానే కారు చప్పుడు లేకుండా దూకింది. మొదటి డ్రమ్ము దగ్గరికి వచ్చేసరికి అంబాసిడర్ అందుకుంది, తిరిగేచోట మళ్లీ ఇదే ముందు. ముందురోజు దాకా ఎగతాళి చేసినవాళ్లే చప్పట్లు కొట్టారు. మొదటి రౌండు దీనిదే. రెండో రౌండూ దీనిదే. సెల్లు నిలబడితే బాగుండునని, చచ్చిపోతే బాగుండునని మొగిలమ్మ ఒకేసారి అనుకుంది. అది తను కట్టిన కారు. అంత ముద్దుగా పరిగెడుతోంది.

మూడో రౌండులో, దూరపు డ్రమ్ము తిరగగానే అది దూకలేదు. బరువెత్తినవాడిలా కదిలి, నడిచి, నిలిచిపోయింది. అంబాసిడర్లు, ఫియట్, ఆఖరికి జీపు కూడా దాటి వెళ్లాయి. వెంకట్రాజం దిగి, ఆ రన్‌వే పొడవునా, అందరూ చూస్తుండగా నడిచి వచ్చాడు. ఆమె కోరుకున్నది కోరుకున్నట్టే జరిగింది.

బ్యాటరీలు ఎవరు కట్టారని రాజేశ్వర్ రావు మళ్లీ అడిగాడు. గొంతు పెంచలేదు.

"ఇదే సారూ," అన్నాడు వెంకట్రాజం, వేలు చూపించి. "సెల్లు ఏరింది ఇదే, కట్టింది ఇదే, చార్జి పెట్టింది ఇదే. నేను ఒక్కదాని మీద చెయ్యి పెట్టలే. మొదటికెల్లి అంత ఇదే చేసింది."

పదకొండేళ్లు ఆమె ఎదురుచూసిన మాట అది. గట్టిగా, నలభై మంది వింటుండగా చెప్పాడు. అందులో ఒక్క ముక్కా అబద్ధం లేదు.

రాజేశ్వర్ రావు ఆమె వైపు తిరిగి, నిజమేనా అని అడిగాడు.

"నిజమే సారు. అన్ని నేనే కట్టిన," అంది మొగిలమ్మ. ఆపలేకపోయింది. "నాలుగోదాని మూడో సెల్లుల నిన్న కొబ్బరి నీళ్లు పడ్డయ్. పొద్దుగాల చూసిన, సగం పడిపోయి ఉండె. మార్చెటానికి గిదిగో, బ్యాటరీ గూడ తెచ్చిన."

"మరి ఎందుకు మార్చలే?"

ఆమె వెంకట్రాజాన్ని చూసింది. "ఈయిన ఇజ్జత్ అందరి ముంగట పోవాల్నని."

రాజేశ్వర్ రావు వంగి, నేల మీదున్న తొమ్మిదో బ్యాటరీని చాలాసేపు చూశాడు. తారు మూతలు, సమంగా పోసిన గీతలు, అన్నీ చూశాడు. అది ఎంత మంచి పనో ఆయనకు అర్థమైందని ఆమెకు తెలిసింది.

"తెల్వక చెడగొడితే నేర్పిచ్చుకుందు," అన్నాడు ఆయన, కోపం లేకుండానే. "తెలిసి ఊకున్న మనిషికి ముప్పై లారీలు ఎట్ల అప్పజెప్పాలమ్మా? రేపు నా మీద కోపమొస్తె?"

ఆయన కారెక్కి వెళ్లిపోయాడు. వెంకట్రాజాన్ని తిట్టడానికి ఆమె దగ్గర ఎన్ని మాటలైనా ఉన్నాయి. రాజేశ్వర్ రావును తిట్టడానికి ఒక్కటీ దొరకలేదు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదని ఆమెకు తెలుసు, అన్నిటికన్నా ఎక్కువ మండింది అదే.