గుమ్మం బయట పెట్టించిన నత్తల బుట్ట

సహోదరులారా, ఈ సాక్ష్యం చెప్పుకుంటానని పోయిన కోతల పండుగ నుంచి అడుగుతూనే ఉన్నాను, ప్రతిసారీ "వచ్చే ఆదివారం చూద్దాం" అన్నారు, నా తరువాత చేయి ఎత్తినవాళ్లందరూ చెప్పుకుని కూర్చున్నారు, నేను మాత్రం వెనక వరుసలోనే ఉండిపోయాను! నోటితో చెప్పనివ్వలేదు కాబట్టి మన సంఘ పత్రికకు రాస్తున్నాను.

అరకు పైన కొండమీద మాకున్న కాస్త కాఫీ తోట వరుసగా కొన్నేళ్లు కాపు రాల్చేసింది, ఆ దిగులుతో జీలుగు కల్లులో పడ్డాను, తెల్లారితే కుండ, పొద్దుగూకితే కుండ, పిల్లలు గంజికి ఏడుస్తుంటే చెవికెక్కనంత మత్తు! ఒకరోజు మా మడి కింద ఊటగుంట దగ్గర మోకరించి, "ప్రభువా, ఈ తాగుడైనా తీసెయ్యి, నన్నైనా తీసుకుపో" అని ఏడ్చాను. కళ్లు తెరిస్తే రాళ్లనిండా నత్తలు! మా ఆవిడ బుద్రి వాటిని చూసి, "సముద్రం పక్కోలు ఆల్చిప్పలు పెంచి బతుకుతన్నారంట గదా, మన నత్తలేటి పాపం సేసినాయి?" అంది.

గుంటకు రాళ్ల గట్టు వేశాం, పాకిపోకుండా వెదురు తడక కట్టాం, చేమాకు, బొప్పాయాకు మేత వేశాం. పొద్దున్నే చచ్చినవి ఏరేసి నీళ్లు మళ్లించకపోతే గుంటంతా కుళ్లిపోతుంది, తాగి పడుకున్నవాడు పొద్దున్నే లేవలేడు, అలా ఆ మూగజీవాల చేతే దేవుడు నా కల్లుకుండ పగలగొట్టించాడు! సంతలో మా నత్తలకు గిరాకీ, ఇంట్లో గంజి బదులు అన్నం. దేవునికే మహిమ!

మరి మొదటి పంట దేవునిది కదా! కోతల పండుగకు అందరూ గుమ్మడికాయలు, కోళ్లు, చోళ్ల గింజలు తెచ్చారు, నేను పెద్ద నత్తలు ఏరి, సంతకు తీసుకెళ్లినట్టే బుట్టమీద అడ్డాకులు కప్పి మందిరంలో ప్రభువు బల్ల ముందు పెట్టాను. పాస్టరుగారి ప్రసంగం పొడుగు, అది సగమయ్యేసరికి నత్తలు ఆకులు తోసుకుని బయటికొచ్చాయి, ఒకటి ముందు కూర్చున్న మన సంఘపెద్దగారి, అదే, బజారులో కొట్టున్న ఆయన పంచె ఎక్కింది.

"ఏటయ్యా ఇది! దేవుడి మందిరంలోకి పురుగులట్టుకొస్తావా? నీళ్లలో బతికే పొలుసుల్లేని జీవి అపవిత్రమని బైబిల్లో లేదా!" అని ఆయన బుట్టను గుమ్మం బయట పెట్టించారు. ఆరాధనయ్యాక సంఘం ఖర్చులకని గుమ్మడికాయ వేలం వేశారు, కోడిని వేలం వేశారు, నా బుట్ట ఊసెత్తలేదు! బుద్రి ఊరుకుంటుందా? "మా ఇంటికి పార్థనకొచ్చి నత్తల పులుసు మల్లీ మల్లీ ఏయించుకున్నారు, అప్పుడు పొలుసులెతకలేదేటి పెద్దయ్యగారూ?" అంది. అందరూ నవ్వారు, ఆయన నవ్వలేదు. అప్పటినుంచే నేనెత్తిన చేయి ఆయనకు కనబడటం లేదు.

సహోదరులారా, మీలో ఎవరైనా తాగుడులో ఉంటే ఆ ప్రభువునే అడగండి, ఆయన వెనక వరుస మనిషి మాట కూడా వింటాడు. కానీ సంఘపెద్దగారూ, నన్ను విడిపించిన నత్తలు అపవిత్రమైతే నా విడుదల కూడా అపవిత్రమేనా? ఈ పండుగకు మళ్లీ బుట్ట తెస్తున్నాను, ఈసారి తడిగుడ్డ బిగించి కట్టే తెస్తాను. అది బల్ల ముందుంటుందా, గుమ్మం బయటుంటుందా? పండుగలోపు ఇదే పత్రికలో, మీ పేరు పెట్టి, జవాబు చెప్పండి.