పన్నెండో పుట్టినరోజు గులాబీ ఫ్రాకు

2022వ సంవత్సరం. పెద్దాపురంలో మరిడమ్మ తల్లి జాతర ముగిసిన వారం. జాతరకు కుట్టిన బట్టలన్నీ ఇచ్చేసి, మిషనుకు నూనె వేసుకుని, రెండు రోజులు నడుం వాల్చుదామనుకుంటున్నాను. మా ఇంటి ముందు గదే నా షాపు. ఆడపిల్లల బట్టలు, జాకెట్లు కుడతాను. ఇరవై ఏళ్ళు దాటింది ఈ పనిలో.

నేను చదివింది ఐదో తరగతి. కొలతలు పుస్తకంలో రాసుకునే అలవాటు లేదు, బుర్రలోనే ఉంటాయి. ఏ పిల్లకి ఏ పుట్టినరోజుకి ఏ రంగు కుట్టానో, చేతులు పొడుగువో పొట్టివో ఇప్పటికీ చెప్పగలను. అది నాకు గొప్పగా ఉండేది. ఇప్పుడు చెప్పబోయే తప్పు జరిగింది ఆ గొప్పవల్లే.

లాస్య అనే పిల్లకి మొదటి పుట్టినరోజు నుంచీ నేనే కుడుతున్నాను. వాళ్ళమ్మ సుధారాణిగారు. ఊరి చివర పొలాలున్న ఇల్లు, ఒక్కతే ఆడపిల్ల. ప్రతి ఏడూ గులాబీ రంగు ఫ్రాకే. దాన్ని తొడిగి ఒక ఫొటో తీయించి, హాల్లో గోడకి వరసలో తగిలిస్తారు.

మొదటి ఏడు బంధువులందరికీ భోజనాలు. పిల్లకి ఏం తెలుస్తుంది, కిరీటం పీకి నోట్లో పెట్టుకుంది. లోపలి కుట్లు గుచ్చుకోకుండా మెత్తటి నూలు గుడ్డ వేయడమే నా పని. మూడో ఏట బెలూన్ల వెంట పరుగు, అందుకని కాళ్ళకి అడ్డం పడకుండా కాస్త పొట్టిగా కుట్టాను. ఐదో ఏట బళ్ళో చాక్లెట్లు పంచడం. ఆ ఒక్కరోజు యూనిఫాం వేసుకోనక్కర్లేదు కదా, మెరుపులు ఇంకా కావాలని నా షాపులోనే కూర్చుని ఏడ్చింది. ఎనిమిదో ఏట కేకు మీద ఏ బొమ్మ ఉండాలో తనే చెప్పింది. పదో ఏట ట్రయల్‌కి వచ్చినప్పుడు మాత్రం అద్దంకేసి చూడలేదు. “ఈసారి ఎవరెవరొస్తారమ్మా?” అని వాళ్ళమ్మని రెండుసార్లు అడిగింది. నేను విన్నాను. గుండీ కుట్టుకుంటూ ఊరుకున్నాను.

పన్నెండో ఏటికి సుధారాణిగారు ఒక్కరే వచ్చారు. గులాబీ శాటిన్, దానికి తగ్గ క్యాన్‌క్యాన్ తెచ్చారు. ఫ్రాకు గొడుగులా విచ్చుకుని నిలబడడానికి కింద వేసే గట్టి నెట్‌నే క్యాన్‌క్యాన్ అంటాం. ఫంక్షన్ హాలు మాట్లాడేశారట. పిల్ల ట్యూషన్ నుంచి వచ్చేసరికి ఏడవుతుంది, అందుకని పోయినేటి ఫ్రాకు ఆదికి తెచ్చారు. కొలత కోసం ఇచ్చే పాత బట్టని ఆది అంటారు.

“దీనికి రెండంగుళాలు పెంచండి మంగగారూ, సరిపోద్ది.”

“ఆది కూడా అక్కర్లేదండి. లాస్య కొలత నాకు నోటికొచ్చు” అన్నాను. ఆది తిరిగి సంచిలో పెట్టి పంపేశాను.

శుక్రవారం సాయంత్రం ట్రయల్‌కి తల్లీకూతుళ్ళిద్దరూ వచ్చారు. పిల్ల గుమ్మంలో నిలబడగానే నా తప్పు తెలిసింది. ఏడాదిలో వాళ్ళమ్మ చెవి దాకా ఎదిగింది. భుజాలు విచ్చుకున్నాయి. నేను చూసి చాలా నెలలైందన్న సంగతే మర్చిపోయాను. లోపలి గదిలో ఫ్రాకు తొడిగితే జిప్ సగం దాకా వచ్చి ఆగిపోయింది. తర్వాత వదులు చేసుకోవడానికి కుట్టు లోపల కాస్త గుడ్డ మడిచి ఉంచుతాం, దాన్ని మార్జిన్ అంటాం. నెట్ మందానికి తోడై నడుం దగ్గర ఉబ్బుతుందని ఆ మార్జిన్ కూడా అరంగుళమే వదిలాను.

“ఏంటి మంగగారూ, నోటికొచ్చన్నారు?” సుధారాణిగారి గొంతు మారింది. “ఎల్లుండే కదండీ ఫంక్షను.”

పిల్ల తలుపు వేసేసుకుంది. కాసేపటికి నన్నొక్కదాన్నే లోపలికి రమ్మంది. ఏడుస్తుందనుకుని వెళ్ళాను. ఏడవడం లేదు.

“ఆంటీ, ఒక సాయం చేస్తారా? ఇది ఇంక బాగవదని మా అమ్మకి చెప్పెయ్యండి.”

“అదేంటమ్మలూ?”

“పోయినేడు దీనిలాంటిదే వేసుకుని బళ్ళో చాక్లెట్లు పంచాను కదా. అప్పట్నుంచీ నన్ను కేకుబొమ్మ అంటున్నారు. హాజరు పిలిచినప్పుడు కూడా వెనక బెంచీలోంచి ‘కేకుబొమ్మ ప్రెజెంట్’ అంటారు. ఈసారి అమ్మ నా ఫ్రెండ్స్‌ని కూడా పిలిచింది. స్టేజీ ఎక్కించి కిరీటం పెడితే సోమవారం నేను బడికెళ్ళను. అసలు ఆదివారం హాలుకే రాను.”

“మరి అమ్మకి చెప్పలేదా?”

“చెప్తే ఫొటోలు చూపిస్తది.”

నేను ఆలోచించాను. ఆ ఒక్క అబద్ధంతో పిల్ల గట్టెక్కుతుంది. కానీ నా చేతిలో పాడైన బట్టని నేనే బాగుచేయలేనని ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. పైగా ఆవిడ రాజమండ్రి వెళ్ళి అలాంటిదే ఇంకొకటి కొని తెస్తారు, కిరీటంతో సహా.

“నావల్ల కాదని చెప్పను తల్లీ. అది వదిలెయ్. నీకేం కావాలో చెప్పు.”

వెంటనే చెప్పింది, ఎప్పట్నుంచో అనుకుంటున్నట్టు. మోకాళ్ళ దాకా కుర్తా, కింద ప్యాంటు. మెరుపులు వద్దు. “జేబులుండాలి ఆంటీ. రెండు. చెయ్యి మొత్తం పట్టాలి. అందరూ చూస్తుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు నాకు.”

టేపు తీసి పిల్లని నిలబెట్టి కొలిచాను. పదకొండేళ్ళ పరిచయంలో నోరు మూసుకుని పిల్ల మాట వింటూ కొలవడం అదే మొదటిసారి.

బయటికొచ్చి ఉన్నమాటే చెప్పాను. “తప్పు నాదండి. పిల్లని చూడకుండా కత్తెర పెట్టాను. ఆదివారం పొద్దున్నకి ఇదే గుడ్డతో ఇస్తాను. కానీ ఫ్రాకు కాదు, కుర్తా ప్యాంటు.”

“కుర్తా ఏంటండీ? గోడ మీద పదకొండు ఫ్రాకులున్నాయి. వరస తప్పదూ?”

“రంగు తప్పదండి. పిల్లే లేకపోతే వరసతో ఏం పని?”

ఆవిడ నాకేసి కోపంగా చూశారు. తర్వాత కూతురికేసి తిరిగారు. “రావా నువ్వు?”

లాస్య తలుపు పట్టుకుని నిలబడింది. “వస్తానమ్మా. పొద్దున్న నలుగు పెట్టు, హారతివ్వు, గుడికి తీసుకెళ్ళు. అన్నిటికీ వస్తాను. స్టేజీ వద్దు. కిరీటం వద్దు. కేకు కింద బల్ల మీద కోస్తాను.”

“ఈ మాట పోయినేడే చెప్పుంటే?”

“నువ్వు ఏ రంగు కేకని అడిగావు. ఇంకేమీ అడగలేదుగా.”

సుధారాణిగారు స్టూలు మీద కూర్చుండిపోయారు. ఆఖరికి, “జేబులు ఎత్తుగా కనపడకుండా కుట్టండి” అన్నారు. అదే ఒప్పుకోలు.

కుట్టడం కంటే విప్పడం కష్టం. శనివారం తెల్లారగానే మొదలుపెట్టాను. బ్లేడుతో ఒక్కో కుట్టూ కోయాలి, శాటిన్ మీద చిన్న గీత పడినా కనపడుతుంది. క్యాన్‌క్యాన్ మూడు వరసలూ ఊడదీసి పక్కన పెడితే గదిలో సగం అదే ఆక్రమించింది. ఫ్రాకు కింద కుచ్చులుగా ఉన్న గేరు గుడ్డ కుర్తాకి సరిపోయింది గాని ప్యాంటుకి చాల్లేదు. కాళ్ళ పైభాగానికి లైనింగ్ గుడ్డ వేసి, కుర్తా కిందికి కనపడే మేరకే శాటిన్ అతికాను. పదకొండు గంటలకి కరెంటు పోయింది. మోటారు పీకేసి, కాలితో తొక్కాను. మా ఆయన అన్నం కలిపి తెచ్చి, “ఒక్క ఫ్రాకుకి ఇంత పంతమా?” అన్నాడు. “పంతం ఫ్రాకు మీద కాదు, నా నోటిలెక్క మీద” అన్నాను. దీపాలు పెట్టేవేళకి జేబులు కుట్టాను. నా చెయ్యి మణికట్టు దాకా దూర్చి చూసుకున్నాను.

ఆదివారం పొద్దున్న నలుగు పసుపు చెవుల వెనక ఇంకా ఉండగానే లాస్య వచ్చింది. తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. ముందు జేబుల్లో చేతులు పెట్టి, తర్వాత తలెత్తి చూసుకుంది. సుధారాణిగారు పిల్ల వెనక నిలబడి భుజం దగ్గర ముడత సవరించారు. “బాగుంది” అన్నారు, నాతో కాదు, పిల్లతో.

హాలుకి నేనూ వెళ్ళాను. స్టేజీ ఖాళీగా ఉంది, పెద్దవాళ్ళు కొందరు విడ్డూరంగా చూశారు. కేకు కింద బల్ల మీద కోసింది. స్నేహితురాళ్ళు నలుగురూ ఆ జేబుల్లో చేతులు పెట్టి చూశారు. మరుసటి వారం అందులో ఇద్దరు జేబుల కుర్తాలు కావాలని నా దగ్గరికొచ్చారు. బళ్ళో కేకుబొమ్మ మాట మానేశారా అని తర్వాత అడిగాను. “ఒకడు మానలేదు ఆంటీ, నేనే పట్టించుకోవట్లేదు” అంది.

ఈ ఏడు లాస్యకి పదిహేను నిండాయి. ఫంక్షను లేదు, పొద్దున్న గుడి, సాయంత్రం ఇంట్లో స్నేహితురాళ్ళకి బిర్యానీ. సైకిలు మీద తనే గుడ్డ తెచ్చింది, గులాబీ కాదు, ముదురు నీలం. గోడ మీద ఇంకా చోటుందని వాళ్ళమ్మ అన్నారట.

ఆ ఫ్రాకు తర్వాత నేను కొలతలు పుస్తకంలో రాసుకోవడం నేర్చుకున్నాను, వంకర అక్షరాలే అయినా. ఎదిగే పిల్లలకి ఆది తీసుకోవడం మానేశాను. తీరికలేదని విసుక్కుని వేరే షాపుకి వెళ్ళిపోయిన తల్లులున్నారు. వెళ్ళనీ. పోయినేటి పిల్ల ఈ ఏడు ఉండదు. ఇప్పుడున్న పిల్ల వచ్చి నా ముందు నిలబడాలి, ఏం కావాలో తన నోటితో చెప్పాలి. కత్తెర ఆ తర్వాతే.