కత్తి ఇంటికి తెచ్చుకోమంది అమ్మ

ఆ వార్త చదివిన రోజు నేను సంతోషపడ్డాను. ముందు ఆ మాట ఒప్పేసుకోవాలి. తర్వాత పడ్డ బాధ గురించి చాలామందికి చెప్పుకున్నాను గానీ, మొదటి రోజు ఈల వేసుకుంటూ ఇంటికొచ్చానని ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు టెక్కలిలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పేవాణ్ణి. ఇల్లు కాశీబుగ్గలో. పొద్దున్నే బస్సెక్కి వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేవాణ్ణి. పాఠాల మధ్య ఖాళీ దొరికితే సొంతంగా ప్రోగ్రాములు రాసేవాణ్ణి. అవి రాయడానికి నేను వాడే సాఫ్ట్‌వేర్ విదేశంలోని ఒక చిన్న కంపెనీది. ప్రోగ్రాములు రాసేవాళ్లకు పనిముట్లు చేసిపెట్టడమే ఆ కంపెనీ పని. చుట్టుపక్కల అందరూ కాపీ సీడీలతో కాలక్షేపం చేస్తుంటే నేను అసలు సీడీ తెప్పించుకున్నాను. లావుపాటి పుస్తకంతో సహా వచ్చింది. ఆ పుస్తకం సెంటర్‌లో నా బల్ల మీద అందరికీ కనపడేలా పెట్టేవాణ్ణి. అదొక గొప్ప నాకు.

దానికొక పద్ధతి ఉండేది. నేను రాసిన ప్రోగ్రాం కొత్తగా ఏ కంప్యూటర్‌లో పెట్టినా, తెర మీద ఒక పొడుగాటి నంబరు కనపడేది. దాన్ని ఈమెయిల్లో కంపెనీకి పంపితే, జవాబుగా ఇంకో నంబరు వచ్చేది. అది కొడితేనే ప్రోగ్రాం తెరుచుకునేది. నేను దాన్ని తాళం నంబరు అనేవాణ్ణి. ఆ నంబర్లు పంపేది ఎప్పుడూ ఒకే ఇంజనీరు. మొదట్లో రెండు ముక్కలు రాసి ఊరుకునేవాడు. ఒకసారి ప్రింటర్‌లో తెలుగు ఒత్తులు చెల్లాచెదురై వస్తున్నాయని రాసి, కాగితాల మీద పెద్ద అక్షరాలు రాసి పోస్టులో పంపాను. ఆ మనిషికి తెలుగు అనే భాష ఉందని కూడా అప్పటిదాకా తెలియదు. అయినా నెల రోజులు దాంతో కుస్తీ పట్టి సరిచేసి పంపాడు. మీ అక్షరాలు గుండ్రంగా ముద్దుగా ఉన్నాయి, నా బల్ల దగ్గర అంటించుకున్నాను అని రాశాడు. ఆ తర్వాత మేం స్నేహితులమయ్యాం. అతని ముఖం నేనెప్పుడూ చూడలేదు.

ఆ ఒత్తులు నాకెందుకు కావలసి వచ్చాయో చెప్పాలి. మా అమ్మ పలాసలో జీడిపప్పు కార్ఖానాలో పనిచేసేది. మొదట పొట్టు తీసేది, చూపు, చేయి రెండూ కుదిరాక గ్రేడింగ్‌కి మారింది. విరగని గుండ్లు ఒకవైపు, రెండుగా చీలిన బద్దలు ఒకవైపు, ముక్కలు ఇంకోవైపు, అందులో మళ్లీ సైజులు. వరసగా పదిమంది ఆడవాళ్లు పీటలేసుకుని కూర్చునేవారు. ఎక్కడో దూరాన కొన్నవాడు గుండ్ల డబ్బాలో బద్దలు కలిశాయని డబ్బా తిప్పి పంపితే, అది ఎవరి చేతి మీదుగా వెళ్లిందో తేలేది కాదు. వరస మొత్తాన్ని ఇంటికి పంపేసేవారు. చేసినవాళ్లూ చేయనివాళ్లూ వారం రోజులు కూర్చోవాల్సిందే. చిన్నప్పటి నుంచి ఆ వారాలు నాకు బాగా తెలుసు. అమ్మ ఆ రోజుల్లో మాట్లాడేది కాదు, ఇల్లు మాత్రం రోజుకి రెండుసార్లు అలికేది.

అందుకే నేను రాసిన మొదటి ప్రోగ్రాం డబ్బా చీటీలది. ఏ ఊరి గింజ, ఎన్నాళ్లు ఎండింది, ఏ గ్రేడు, ఎవరు ఏరారు, అన్నీ తెలుగులో అచ్చయ్యేవి. చివరి గీత మీద ఏరిన మనిషి పేరు. అమ్మకు చదువు రాదు. కానీ తన పేరు ఆకారం గుర్తుపట్టేసింది. డబ్బా మీద చీటీ అంటించే ముందు ఒకసారి వేలితో తడిమి చూసుకునేదట. ఆ చీటీలు వచ్చాక ఎవరి తప్పు వాళ్లది అయింది. అమ్మ ఏరిన డబ్బా ఒక్కటీ తిరిగి రాలేదు. అది చూసి ఇంకో నాలుగైదు కార్ఖానాల వాళ్లు కూడా పెట్టించుకున్నారు.

ఇక ఆ వార్త. ఒక పెద్ద కంపెనీ మా చిన్న కంపెనీని కొనేసింది. తెలియజేయడానికి ఎంతో సంతోషిస్తున్నామనీ, పెద్ద కుటుంబంలో చేరుతున్నామనీ, మీకు ఏ మార్పూ ఉండదనీ రాశారు. నేను నమ్మాను. నా పనిముట్టుకి ఇంత పెద్దవాళ్ల అండ దొరికిందని ఛాతీ ఉబ్బింది. ఇంటికెళ్లి అమ్మకు చెప్పాను. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఎవులు కొన్నార్రా అని అడిగింది.

"పెద్ద కంపినీయేనమ్మా. మనకేటీ మారదంట."

"మాకూ అలాగే సెప్పినాడు. మిఠాయి కూడా పెట్టినాడు."

అమ్మ చెప్పేది నాకు తెలిసిన సంగతే. నేను బడికెళ్లే రోజుల్లో అమ్మ వేరే చిన్న కార్ఖానాలో పనిచేసేది. దాన్ని ఒక పెద్ద వర్తకుడు కొన్నాడు. అందరినీ నిలబెట్టి, మీరంతా మా మనుషులే అన్నాడు. పొట్టు తీసే కత్తులు ఆడవాళ్లవే. ఎవరిది వాళ్లు చేతికి తగ్గట్టు అరగదీసుకుంటారు. రోజూ మోయడమెందుకని పీట కిందే వదిలి వెళ్లేవారు. ఆ సాయంత్రం అమ్మ, ఇంకో ఇద్దరు కత్తులు తీసి కొంగున కట్టుకొచ్చేశారు. మిగతావాళ్లు వీళ్లను చూసి నవ్వారు. నెల తిరక్కుండా గింజలు కాల్చే బట్టీ ఆరింది, గేటుకి తాళం పడింది. నవ్వినవాళ్లు కత్తుల కోసం ఆ గేటు దగ్గర మూడు రోజులు నిలబడ్డారు.

"నీ కత్తి ఇంటికి తెచ్చీసుకో," అంది అమ్మ.

"కత్తేటమ్మా, ఇది కంప్యూటరు."

"ఏదైతేనేటి. ఆల్లకాడ నీదేటన్నా ఉంటే ఇప్పుడే అడిగీసి తెచ్చీసుకో. గేటు ఏసీనాక ఎవులూ పలకరు."

నాకు కొంచెం కోపం వచ్చింది. బీఎస్సీ చదివినవాణ్ణి, నాకు చెప్తుందేమిటి అనుకున్నాను. కానీ మాట చెవిలో పడింది కదా, మర్నాడు టెక్కలిలో నెట్ సెంటర్‌లో కూర్చుని ఇంజనీరుకి ఈమెయిల్ మొదలుపెట్టాను. అభినందనలు రాశాను. కింద ఇంకో వాక్యం రాశాను: ముందు ముందు ఇబ్బంది లేకుండా నాలుగైదు తాళం నంబర్లు ముందే ఇవ్వగలరా అని. రాసి, చదువుకుని, ఆ వాక్యం కొట్టేశాను. అభినందనలు మాత్రం పంపాను. అవతల వాళ్లింట్లో శుభకార్యం జరుగుతుంటే వెళ్లి మన అవసరం ఏకరువు పెడతామా? నమ్మకం లేదనుకుంటాడేమోనని కూడా అనిపించింది. వట్టి మొహమాటం. ఇప్పటికీ ఆ కొట్టేసిన వాక్యం మాట మాటగా గుర్తుంది.

అడగకపోగా ఇంకో పని చేశాను. మనవాళ్లకు మంచి జరిగితే ఊరికే మాటతో సరిపెట్టం కదా. అమ్మ చేత మంచి గుండ్లు ఏరించాను. ఆమె పనిచేసే కార్ఖానా షావుకారు గారు చిన్న డబ్బా ఇచ్చారు. దానికీ చీటీ అచ్చు వేశాను, చివరి గీత మీద అమ్మ పేరుతో. తెల్లగుడ్డ చుట్టి అమ్మే కుట్టింది. లక్క సీళ్లు వేయించి కాశీబుగ్గ పోస్టాఫీసులో ఇచ్చాను. పెద్ద కంపెనీలో చేరినందుకు అభినందనలు అని లోపల కాగితం పెట్టాను.

జవాబు రాలేదు. ఈమెయిళ్లు కొన్నాళ్లు వెళ్లాయి, తర్వాత వెనక్కి రావడం మొదలైంది. మా బోటివాళ్లు కష్టసుఖాలు రాసుకునే చర్చల పేజీ ఒక రోజు తెరిస్తే ఖాళీగా ఉంది. పాత సాఫ్ట్‌వేర్ ఆపేశామనీ, కొత్త తాళం నంబర్లు ఇవ్వబోమనీ, తమ సొంత సాఫ్ట్‌వేర్ కొనుక్కోమనీ పెద్ద కంపెనీ నాలుగు లైన్లు రాసింది. ఆ రోజు కార్తీక సోమవారం. రావివలస శివుడి గుడికి వెళ్లొచ్చే భక్తులతో బస్సు కిక్కిరిసి ఉంది. కాశీబుగ్గ దాకా నిలబడే వచ్చాను. ఉన్న కంప్యూటర్లు నడుస్తున్నాయి కదా, అవి పాడయ్యేలోపు వేరే దాంట్లో మొత్తం తిరగరాసేద్దాం అని లెక్కలు వేసుకున్నాను. సాయంత్రాలు కూర్చుంటే ఏడాది పట్టే పని అది.

ఏడాది దొరకలేదు. ఎండాకాలంలో కరెంటు హెచ్చుతగ్గులకు అమ్మ పనిచేసే కార్ఖానా కంప్యూటరే ముందు కాలిపోయింది. షావుకారు గారు కొత్తది తెచ్చారు. నా ప్రోగ్రాం పెడితే తెర మీద పొడుగాటి నంబరు వచ్చి నిలబడింది. దానికి జవాబు చెప్పే మనిషి లోకంలో ఎక్కడా లేడు.

"ఏటి బాబూ, నీ మిషను నోరు తెరవదేటి?" అన్నారు షావుకారు గారు. మంచిగానే అడిగారు. నేనున్నంత కాలం నడుస్తుందని ఒకప్పుడు ఆయనకు మాటిచ్చింది నేనే. ఆయన ఎదురుగా నిలబడి నేలచూపులు చూశాను.

సీజను పని ఆగదు. గుమాస్తా చేత్తో చీటీలు రాయడం మొదలుపెట్టాడు. తొందరలో గ్రేడు, తేదీ రాసేవాడు. పేర్లు వదిలేశాడు. రెండు నెలలకు ఒక గుండ్ల డబ్బా తిరిగొచ్చింది, సగం బద్దలట. వరస మొత్తం లేచి నిలబడింది.

అమ్మ ఆ రోజు మధ్యాహ్నమే ఇంటికొచ్చింది. నేను జ్వరంతో సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. చెంబుడు నీళ్లు తాగి గడపలో కూర్చుంది.

"నాది కాదు సావుకారూ అన్నాన్రా. గురుతేటి అన్నాడు."

నేను దుప్పటి తీసి లేచి కూర్చున్నాను.

"గురుతు లేదు కదా మరి," అంది. కొంగు ముడి విప్పి కత్తి తీసి గూట్లో పెట్టింది. గ్రేడింగ్‌కి మారినా, అక్కడక్కడా మిగిలిన పొట్టు గీకడానికి ఆ కత్తి వెంట ఉండేది. వారం తర్వాత కబురొచ్చినా అమ్మ వెళ్లలేదు. ఓపిక లేదంది. ఓపిక లేకపోవడం కాదని ఇద్దరికీ తెలుసు. ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషిని ఇంట్లో కూర్చోబెట్టింది షావుకారు గారో, ఆ పెద్ద కంపెనీయో కాదు, నా మొహమాటమే. అమ్మ ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. అంటే బాగుండేదని ఎన్నోసార్లు అనిపించింది.

నేను తిరగరాయడం పూర్తిచేసేసరికి షావుకారు గారు విశాఖపట్నం నుంచి వేరే సాఫ్ట్‌వేర్ తెప్పించుకున్నారు. అందులో అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, అంకెలే, ఏరినవాళ్ల పేర్లు లేవు.

ఆ రోజుల్లోనే నాకు ఒక ఉత్తరం వచ్చింది. విదేశీ స్టాంపులు, చేతిరాత. ఇంజనీరు రాశాడు. వరండాలో నిలబడే చదివాను. మీ డబ్బా ఆఫీసులో మూలన పడి ఉంటే పాత మిత్రుడెవరో ఆలస్యంగా మా ఇంటికి చేర్చాడు అని మొదలుపెట్టాడు. కొన్న మూడో వారంలోనే మమ్మల్నందరినీ తీసేశారు, దానికి అభినందనలు చెప్పింది ప్రపంచంలో మీరొక్కరే అని రాశాడు. మొదట నవ్వొచ్చిందట, తర్వాత రాలేదట. అన్ని కంప్యూటర్లకూ సరిపోయే తాళం నంబరు ఒకటి ఉండేదనీ, అడిగిన పాత వినియోగదారులకు ఆఖరి రోజు వరకు ఇవ్వడానికి తనకు అనుమతి ఉండేదనీ రాశాడు. మీ ఈమెయిల్ చూసి మీరూ అడుగుతారనే అనుకున్నాను, అడగకపోయేసరికి మీకు వేరే ఏర్పాటు ఉందనుకున్నాను, ఇప్పుడది నా దగ్గర లేదు అన్నాడు. జీడిపప్పు బాగుందన్నాడు. చీటీ చివర ఉన్న అక్షరాలు ఎవరి పేరని అడిగాడు.

ఆ ఉత్తరం మడిచి దాచేద్దామనుకున్నాను. అమ్మ లోపల్నుంచి చూస్తూనే ఉంది.

"ఏటి రాసినాడ్రా?"

ఒక్క ముక్క దాచకుండా అంతా తెలుగులో చదివి వినిపించాను. అడిగితే ఇచ్చేవాడన్న ముక్క రెండుసార్లు చదివాను. తిడుతుందని ఎదురుచూశాను. నిజానికి తిట్టాలనే చదివాను.

"ఆ బాబుకి మరి పని దొరికిందేటి?" అంది.

ఉత్తరం మళ్లీ మొదటి నుంచి చూశాను. ఆ సంగతి ఎక్కడా లేదు. అతని ఈమెయిళ్లు ఆగిపోయిన రోజు నుంచి నా తాళం, నా ప్రోగ్రాం, నా మాట పోవడం గురించే ఏడ్చాను. పని పోయిన మనిషి ఒకడు అక్కడున్నాడని నాకు ఒక్కసారీ తట్టలేదు. ఇంట్లో పని పోయిన మనిషికి తట్టింది.

"తెలీదమ్మా. నాను అడగలేదు," అన్నాను.

"అడుగు మరి," అంది అమ్మ.

అప్పుడే కూర్చుని ఉత్తరం రాశాను. మొదటి వాక్యంలోనే ఆ మాట అడిగాను. చీటీ చివరి గీత మీద ఉన్నది మా అమ్మ పేరని రెండో వాక్యంలో రాశాను.