అత్త మెడలోని రోమ్ రాణి

పోయిన నెల కుప్పంలో మనవరాలి కాలేజీలో పాత నాణేల ప్రదర్శన పెట్టారంటే, ఎండకు సణుగుతూనే వెళ్లాను. గాజుపెట్టెలో చిన్న వెండి నాణెం. దాని మీద జడను చుట్టగా చుట్టుకున్న ఆడమనిషి పక్కవాటు ముఖం. రోమ్ చక్రవర్తి భార్య అని పక్కన చీటీ పెట్టారు. వెనకవైపు వాళ్ల దేవత ఉంటుందట. నాకు చీటీతో పనిలేదు. ఆమెను నేనెరుగుదును. పుంగనూరులో మా మేనత్త మెడలో నల్లదారానికి వేలాడుతూ ఉండేది.

బైరెడ్డిపల్లె దగ్గర చేను దున్నుతుంటే మామకు దొరికిందట ఆ బిళ్ల. చూసినవాళ్లంతా లక్ష్మీదేవి అన్నారు. అత్త మాత్రం వెనకున్నామె లక్ష్మి, ముందున్నది తన బిడ్డ అనేది. ఒక్కతే కూతురు, ఎనిమిదేళ్లకే జ్వరమొచ్చి పోయింది. ఫోటో అంటూ ఒకటి లేదు. ఆ జడచుట్ట, ఆ కొనదేలిన ముక్కు అచ్చం దానివేనని అత్త నమ్మకం. ప్రతి శుక్రవారం చింతపండు పెట్టి తోమేది, అదీ వెనకవైపే. ముందువైపు తోమితే బిడ్డ ముక్కు అరిగిపోతుందని భయం. అందుకే లక్ష్మి తళతళలాడేది, బిడ్డ నల్లబడి ఉండేది. మామ ఎగతాళి చేసినా అత్త ముందువైపు తోమేది కాదు.

నా ఏడో ఏట అమ్మవారు పోసి కళ్లు మూసుకుపోయాయి. చూపు వస్తుందో రాదో చెప్పలేమన్నారు మదనపల్లె ఆసుపత్రిలో. ఆ భయంలో అత్త, తన మెడలోని వెండితో అమ్మవారికి కళ్లు చేయిస్తానని మొక్కేసింది. మెడలో ఉన్నదేమిటో మొక్కేటప్పుడు తట్టలేదు. నాకు చూపొచ్చింది. వేరే వెండి తెస్తానని మా నాన్న ఎంతో బతిమాలాడు.

"మొక్కింది మెడలో ఉండే ఎండితోనే గదన్నా. మాట మారిస్తే పాప కండ్లకే ముప్పు," అంది.

వెండిపని చేసే ఆచారి కొలిమి దగ్గరికి నన్నూ తీసుకెళ్లింది. ఆ పొద్దున మొదటిసారి ముందువైపు కూడా తోమింది. "సూడమ్మా, మీ అక్కను ఒక తూరి బాగ సూడు. ఇంగ కనపడదు," అని చేతిలో పెట్టింది. నేను ఆచారి ఊదుగొట్టం వైపు చూస్తున్నాను. మూసలో అది ఎప్పుడు కరిగిందో కూడా చూడలేదు.

తర్వాతి శుక్రవారం అలవాటుగా గిన్నెలో చింతపండు నానబెట్టుకుంది అత్త. మెడ తడుముకుని, ఆ గిన్నె ముందే చాలాసేపు కూర్చుంది. ఆ గిన్నె గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

గాజుపెట్టె ముందు నుంచి నేను కదలకపోయేసరికి మనవరాలు కంగారుపడింది. అత్త నాకిచ్చిన కళ్లతో, అత్త చూడమన్న ముఖాన్ని ఇన్నాళ్లకు బాగా చూశాను. రాణులు రెండు వేల ఏళ్లైనా గాజుపెట్టెలో ఆగుతారు; చూశానత్తా అని చెప్పేదాకా ఆగడానికి మా అత్తకు అంత కాలం లేకపోయింది.